గాలి ముచ్చట వేరు, గెలుపు లెక్క వేరు

అమెరికా అధ్యక్ష ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా మన పత్రికలూ టీవీ చానళ్లూ ఒకటే పాట ఎత్తుకుంటాయి. ఇవాళ ఫలానా ఆయన గాలి వీస్తున్నదంటారు. వారం తిరగకముందే ఫలానా ఆమె గాలి మొదలైందంటారు. పొద్దున గెలుపు గుర్రం అన్నది సాయంత్రానికి కుంటిదైపోతుంది, తెల్లారేసరికి మళ్లీ లేచి ఉరుకుతుంది. అక్కడి పెద్ద చానళ్లు వండింది ఇక్కడ మనకు వడ్డిస్తారు. గాలి ఎందుకు మారింది? మారినందువల్ల ఎవరి ఖాతాలో ఎంత పడింది? ఈ రెండు ప్రశ్నలు అడిగేవాళ్లు కనబడరు.

మేం అడగదలచుకున్నాం. అందుకోసం 2008లో డెమొక్రటిక్ పార్టీ టికెట్టు కోసం బరాక్ ఒబామాకూ హిల్లరీ క్లింటన్‌కూ మధ్య జరిగిన పోరును తీసుకుంటున్నాం. జనవరి 3న మొదలై జూన్ 3న ముగిసింది. సరిగ్గా ఐదు నెలలు. ఈ ఐదు నెలల్లో గాలి అరడజను సార్లు దిక్కు మార్చింది. లెక్క మాత్రం ఫిబ్రవరిలో ఒక్కసారి తేలింది, ఆ తర్వాత తారుమారు కాలేదు. ఆ లెక్కను నిలబెట్టిన నిబంధన ఎవరి దయవల్లా వచ్చింది కాదు. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఓడిపోయినవాళ్లు కొట్లాడి సాధించింది. మేం చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

టికెట్టు ఎవరిస్తారు?

మన దగ్గర ఎన్నికల్లో నిలబడాలంటే బీ-ఫారం కావాలి. అది ఢిల్లీ నుంచో, పార్టీ అధినేత ఇంటి నుంచో రావాలి. ఎవరికి ఎందుకిచ్చారో, ఎవరికి ఎందుకివ్వలేదో కార్యకర్తకు తెలియదు, ఓటరుకు అంతకన్నా తెలియదు. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందు ఓటర్లే చెబుతారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రం వంతు వస్తుంది. కొన్నిచోట్ల మామూలు ఎన్నికలాగే ఓటేస్తారు, అది ప్రైమరీ. కొన్నిచోట్ల సాయంత్రం పూట బడిలోనో సమావేశ మందిరంలోనో కూడి, ఎవరివైపు ఎంతమంది ఉన్నారో అక్కడికక్కడే తేల్చుకుంటారు, అది కాకస్.

ఈ ఓట్ల ప్రకారం అభ్యర్థులకు డెలిగేట్లు వస్తారు. పార్టీ మహాసభలో సగానికి మించి డెలిగేట్లు ఎవరివైపు ఉంటే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ ఒక మెలిక ఉంది. డెమొక్రటిక్ పార్టీలో ఒక రాష్ట్రం గెలిచినంత మాత్రాన ఆ రాష్ట్రం డెలిగేట్లంతా గంపగుత్తగా ఒకరికే పోరు. 15 శాతం ఓట్లు దాటిన ప్రతి అభ్యర్థికీ ఓట్లను బట్టి వాటా దక్కుతుంది. రిపబ్లికన్ పార్టీలో 2008లో చాలా రాష్ట్రాల్లో గంపగుత్త పద్ధతే ఉండేది. అందుకే అక్కడ జాన్ మెక్‌కెయిన్ మార్చి 4 నాటికే పని ముగించుకున్నాడు. ఇక్కడ జూన్ దాకా సాగింది. ఈ మెలిక గుర్తుపెట్టుకుంటే తక్కిన కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఐదు రోజుల్లో రెండు తుఫాన్లు

2007 చివర్లో దేశవ్యాప్త సర్వేలన్నీ క్లింటన్‌కే జై కొట్టాయి. ఇరవై పాయింట్లకు పైగా ముందుందని కొన్ని చెప్పాయి. ఆమె అభ్యర్థిత్వం ఖాయం, పట్టాభిషేకమే తరువాయి అని రాశారు. ఒక్క ఓటు పడకముందే ఇదంతా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

జనవరి 3న అయోవా కాకస్ జరిగింది. తొంభై శాతానికి పైగా తెల్లవాళ్లున్న చిన్న రాష్ట్రమది. 2004తో పోలిస్తే దాదాపు రెట్టింపు జనం కదిలివచ్చారు. ఒబామాకు 38 శాతం వచ్చింది. జాన్ ఎడ్వర్డ్స్‌కు 30, క్లింటన్‌కు 29. ఖాయమన్న నాయకురాలు మూడో స్థానంలో పడింది. ఇంకేముంది, క్లింటన్ పని అయిపోయిందన్నారు. న్యూ హాంప్‌షైర్‌లో కూడా ఒబామాదే గెలుపని సర్వేలన్నీ చెప్పాయి.

పోలింగ్‌కు ముందురోజు పోర్ట్స్‌మత్ ఊళ్లో ఒక కాఫీ హోటల్లో మాట్లాడుతూ క్లింటన్ గొంతు బొంగురుపోయింది. కన్నీళ్లు వచ్చాయా రాలేదా, వస్తే నిజమా నటనా అని చానళ్లు గంటలకొద్దీ చర్చ పెట్టాయి. మగ అభ్యర్థి గొంతు బొంగురుపోతే ఇంత చర్చ జరిగేదా? తెల్లారి జనవరి 8న ఓటర్లు ఆమెను 39 శాతంతో గెలిపించారు. ఒబామాకు 36 దాటి వచ్చాయి. సర్వేలు బోల్తా పడ్డాయి. గాలి మళ్లీ మారిందన్నారు.

ఇప్పుడు ఖాతా చూద్దాం. అయోవాలో అప్పుడు వేసిన లెక్క ప్రకారం ఒబామాకు 16, క్లింటన్‌కు 15, ఎడ్వర్డ్స్‌కు 14 డెలిగేట్లు. న్యూ హాంప్‌షైర్‌లో ఇద్దరికీ చెరి తొమ్మిది. ఐదు రోజుల్లో రెండుసార్లు భూమి బద్దలైందని చెప్పారు కదా, ఇద్దరి మధ్య తేడా ఒక్కటంటే ఒక్క డెలిగేటు. జనవరి 19న నెవాడాలో క్లింటన్‌కు ఎక్కువ మద్దతు వచ్చింది. డెలిగేట్ల లెక్క మాత్రం ఒబామాకు 13, ఆమెకు 12. టీవీలో గెలిచింది ఒకరు, లెక్కలో గెలిచింది ఇంకొకరు.

నిజంగా బరువున్న తీర్పు జనవరి 26న సౌత్ కరోలినాలో వచ్చింది. అక్కడి డెమొక్రటిక్ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లు. ఒబామాకు 55 శాతం, క్లింటన్‌కు 27. అంతకుముందు దాకా నల్లజాతి ఓటర్లలో చాలామంది క్లింటన్ వైపే ఉన్నారు. తెల్లవాళ్లు నల్లవాడికి ఓటేస్తారా అన్న అనుమానం వాళ్లది. అయోవా ఆ అనుమానం తీర్చింది. ఇక్కడ గాలి ఉత్త గాలి కాదు. ఒక జనం ధైర్యం చేసి తీసుకున్న నిర్ణయం.

ఎవరూ చూడని ఐడహో

ఫిబ్రవరి 5న ఒకేరోజు 22 రాష్ట్రాల్లో ఎన్నిక. దాన్ని సూపర్ మంగళవారం అన్నారు. ఆ రోజుతో అంతా ముగిసిపోతుందని క్లింటన్ శిబిరం లెక్క. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ ఆమె గెలిచింది కూడా. టీవీ తెరల మీద పెద్ద రాష్ట్రాలన్నీ ఆమె రంగులోకి మారాయి.

అదే రోజు ఐడహో అనే రాష్ట్రంలో కాకస్ జరిగింది. కొండలూ ఆలుగడ్డ పొలాలూ ఉన్న చోటు. అధ్యక్ష ఎన్నికల్లో 1964 తర్వాత డెమొక్రటిక్ పార్టీని గెలిపించని రాష్ట్రం. అక్కడ మనకేం పని అని క్లింటన్ శిబిరం వదిలేసింది. ఒబామా మనుషులు ముందు నుంచే ఆఫీసు తెరిచి, ఇల్లిల్లూ తిరిగారు. ఎన్నికకు మూడు రోజుల ముందు ఒబామా స్వయంగా వెళ్లి బోయిసీలో సభ పెడితే వేలమంది వచ్చారు. కాకస్‌లో పాల్గొన్నది 21 వేల పైచిలుకు జనం. డెలిగేట్లు ఒబామాకు 15, క్లింటన్‌కు 3. అంటే పన్నెండు ఆధిక్యం.

న్యూజెర్సీలో పదకొండు లక్షలకు పైగా ఓటేశారు. మన తెలుగువాళ్లు దండిగా ఉన్న రాష్ట్రం కూడా అది. అక్కడ క్లింటన్‌కు 59, ఒబామాకు 48. ఆధిక్యం పదకొండు. పెద్ద రాష్ట్రంలో ఘనంగా గెలిచి ఆమె సంపాదించింది పదకొండు. ఎవరూ పట్టించుకోని ఐడహోలో ఆయన సంపాదించింది పన్నెండు. ఆ రాత్రి ఏ చానల్ ఐడహో గురించి గంటసేపు మాట్లాడింది?

ఇక్కడ ఎదుటి పక్షం మాట కూడా చెప్పాలి. కాకస్ పద్ధతి మీద క్లింటన్ శిబిరం చేసిన ఫిర్యాదు ఉత్తది కాదు. సాయంత్రం ఫలానా వేళకు వచ్చి కూర్చుంటేనే లెక్కలోకి వస్తారు. రాత్రి డ్యూటీ నర్సు ఎట్లా వస్తుంది? చంటిపిల్ల తల్లి ఎట్లా వస్తుంది? హోటల్లో పనిచేసే కూలీ ఎట్లా వస్తాడు? ఇరవై ఒక్క వేల మంది పదకొండు లక్షల మందితో సమానంగా తూగడం న్యాయమేనా అని అడిగితే, కాదనే మేమంటాం. అయితే ఆ నిబంధన పోటీకి ముందే రాసి ఉంది. ఒకరు చదువుకుని పనిచేశారు. ఇంకొకరు గాలి మీద భరోసా పెట్టుకున్నారు.

ఆ భరోసా ఖరీదు తర్వాతి రెండు వారాల్లో తెలిసింది. సూపర్ మంగళవారం తర్వాత ఏం చేయాలన్న పథకం క్లింటన్ శిబిరం దగ్గర సరిగ్గా లేదు. పైసలు కూడా లేవు. ఆమె తన సొంత సొమ్ము 50 లక్షల డాలర్లు అప్పుగా పెట్టాల్సి వచ్చింది. ఫిబ్రవరి 9 నుంచి లూసియానా, నెబ్రాస్కా, వాషింగ్టన్, మెయిన్, మేరీలాండ్, వర్జీనియా, విస్కాన్సిన్, హవాయి... ఇట్లా వరుసగా పదకొండు చోట్ల ఒబామా గెలిచాడు. ఒక్కొక్కటి చూస్తే చిన్నవి. కలిపితే వందకు పైగా డెలిగేట్ల ఆధిక్యం. గట్టు అక్కడ కట్టారు.

గాలి మళ్లింది, గట్టు తెగలేదు

మార్చి 4న ఒహైయోలో, టెక్సస్ ప్రైమరీలో క్లింటన్ గెలిచింది. మళ్లీ లేచింది, ఇక ఆపతరం కాదని రాశారు. టెక్సస్‌లో పగలు ప్రైమరీ, రాత్రి కాకస్. ప్రైమరీ ఆమె గెలిచింది, కాకస్ ఆయన గెలిచాడు. మొత్తం కలిపితే ఒబామాకు 99, క్లింటన్‌కు 94. ఆ రోజు జరిగిన నాలుగు రాష్ట్రాలూ కలుపుకున్నా ఆమెకు మిగిలిన ఆధిక్యం పది కూడా లేదు.

ఆ తర్వాత ఒబామాకు గడ్డుకాలం వచ్చింది. ఆయన వెళ్లే చర్చి పాస్టర్ జెరెమయా రైట్ పాత ప్రసంగాల ముక్కలు చానళ్లలో తిరిగాయి. మార్చి 18న ఫిలడెల్ఫియాలో జాతి సమస్య మీద ఒబామా సుదీర్ఘంగా మాట్లాడి నిలదొక్కుకున్నాడు. ఏప్రిల్‌లో పనులు పోయిన చిన్న ఊళ్ల జనం గురించి నోరు జారి మళ్లీ ఇరుక్కున్నాడు. ఏప్రిల్ 22న పెన్సిల్వేనియా క్లింటన్ గెలిచింది. దాదాపు తొమ్మిది శాతం తేడా. గాలి గాలి అన్నారు. డెలిగేట్ల ఆధిక్యం 12. రెండు వారాలు తిరిగేసరికి మే 6న నార్త్ కరోలినాలో ఒబామా 56 శాతంతో గెలిచి, ఇండియానాలో అంగుళం తేడాతో ఓడి, ఆ పన్నెండుకు మించి వెనక్కి తీసుకున్నాడు.

మే 13న వెస్ట్ వర్జీనియాలో క్లింటన్ నలభై శాతానికి పైగా తేడాతో గెలిచింది. ఆ వారంలో గాలి ఎవరిదని అడిగితే ఆమెదే. కానీ మిగిలిన రాష్ట్రాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఓటర్లు ఎన్నుకున్న డెలిగేట్లలో ఒబామా ఆధిక్యం చివరి లెక్కలో కూడా వందకు పైనే నిలిచింది. కొంత తరిగింది, తెగలేదు.

గంపగుత్త పద్ధతే ఉండి ఉంటే? కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహైయో, పెన్సిల్వేనియా అన్నీ ఆమె బుట్టలో పడేవి. కథ మరోలా ఉండేది. మరి ఆ వాటా పద్ధతిని తెచ్చిందెవరు?

ఓడినవాళ్లు రాసిన నిబంధన

1964లో అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగింది. మిసిసిపి రాష్ట్రం నుంచి అందరూ తెల్లవాళ్లే ప్రతినిధులుగా వచ్చారు. ఓటు హక్కు దక్కని నల్లజాతి జనం తమ సొంత ప్రతినిధులను ఎన్నుకుని అక్కడికి పంపారు. వాళ్లలో ఫ్యానీ లూ హామర్ ఒకరు. పత్తి చేలల్లో పనిచేసిన తల్లి. ఓటు హక్కు కోసం తిరిగినందుకు జైల్లో దెబ్బలు తిన్న మనిషి. ఆ దెబ్బల సంగతి ఆమె సభ ముందు చెప్పింది. చివరికి పార్టీ పెద్దలు రెండు కుర్చీలు ఇస్తాం, సర్దుకోమన్నారు. రెండు కుర్చీలకు మేం రాలేదని వాళ్లు తిరిగి వెళ్లిపోయారు. ఓడిపోయారు.

1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే పార్టీ పెద్దల అండతో అభ్యర్థి అయ్యాడు. చికాగో మహాసభ బయట వియత్నాం యుద్ధ వ్యతిరేకుల మీద పోలీసుల లాఠీలు విరిగాయి. వాళ్లూ ఓడిపోయారు. కానీ ఆ గాయం తర్వాతే పార్టీ కమిషన్ వేసి, అభ్యర్థిని ఎన్నుకునే పద్ధతిని ఓటర్ల చేతికి తేవాల్సి వచ్చింది.

1988లో జెస్సీ జాక్సన్ దాదాపు 70 లక్షల ఓట్లు తెచ్చుకుని మైకేల్ డుకాకిస్ చేతిలో ఓడాడు. ఓట్లు వచ్చిన మేరకు డెలిగేట్లు రాలేదని ఆయన మనుషులు పట్టుబట్టారు. ఓట్లను బట్టే వాటా ఉండాలన్న నిబంధన పార్టీ చేత ఒప్పించారు. జాక్సన్ అధ్యక్షుడు కాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత అదే నిబంధన మీద నడిచి ఇంకో నల్లజాతి మనిషి అభ్యర్థి అయ్యాడు, అధ్యక్షుడూ అయ్యాడు.

పెద్దమనుషుల ఓటు

ఓటరు చేతికి తాళం ఇచ్చిన పార్టీ, ఇంకో తాళం తన జేబులో పెట్టుకుంది. 1984 ఎన్నికల నుంచి సూపర్ డెలిగేట్లు అనే పెద్దమనుషుల వర్గం వచ్చింది. ఎంపీలు, గవర్నర్లు, పార్టీ నాయకులు. వీళ్లను ఏ ప్రైమరీలోనూ ఎవరూ ఎన్నుకోరు. తమకు నచ్చినవాళ్లకు ఓటేస్తారు. 2008లో వీళ్లు దాదాపు 800 మంది. 2007 చివరి నాటికి వీళ్లలో క్లింటన్ వైపు ఉన్నవాళ్లే ఎక్కువ. అంటే జనం ఒకరిని ఎన్నుకుంటే పెద్దమనుషులు ఇంకొకరిని ఎక్కించే ప్రమాదం నిజంగానే ఉండింది.

జార్జియా ఎంపీ జాన్ లూయిస్ సంగతి చూడండి. 1965లో సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తూ తల పగలగొట్టించుకున్న మనిషి. ఆయన ముందు క్లింటన్‌కు మద్దతు ప్రకటించాడు. ఆయన నియోజకవర్గం జనం ఒబామాకు ఓటేశారు. ఫిబ్రవరి చివర లూయిస్ తన మాట మార్చుకుని జనం వైపు వచ్చాడు. అట్లా ఒక్కొక్కరే కదిలారు. పెద్దమనుషులు వాళ్లంతట వాళ్లు మంచివాళ్లు కాలేదు. కింద లెక్క గట్టిగా ఉంది కాబట్టి కదిలారు.

మిషిగన్, ఫ్లోరిడా ఓటర్ల గోడు వేరు. ఆ రాష్ట్రాల నాయకులు పార్టీ చెప్పిన తేదీకంటే ముందే ఎన్నిక పెట్టినందుకు డెలిగేట్లందరినీ రద్దు చేశారు. నాయకుల తప్పుకు శిక్ష ఓటరుకు పడింది. మిషిగన్ బ్యాలెట్ మీద ఒబామా పేరే లేదు. అయినా అక్కడ పడిన ఓట్ల ప్రకారమే డెలిగేట్లను లెక్కలోకి తీసుకోవాలని క్లింటన్ శిబిరం వాదించింది. మే 31న సగం ఓటు ఇచ్చి సర్దారు. మనిషికి అరఓటు! ప్రజాస్వామ్యానికి గురువులమని చెప్పుకునే దేశంలో జరిగింది ఇది. అభ్యర్థి ఖాయమైన తర్వాత, ఆగస్టు మహాసభలో పూర్తి ఓటు తిరిగి ఇచ్చారు. అవసరం తీరాక ఇచ్చిన హక్కుకు విలువెంత?

గాలి ఉత్తదేనా?

గాలికి విలువే లేదని మేం అనడం లేదు. 2020లో జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఆయన కథ ముగిసిందని రాశారు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా గెలిచాడు. రెండు రోజుల్లో ఇద్దరు పోటీదారులు తప్పుకుని ఆయన వెనుక నిలబడ్డారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో పది ఆయనవే. మూడు రోజుల్లో దేశమంతా తిరగబడింది.

కానీ ఆ గాలి ఎక్కడ పుట్టింది? సౌత్ కరోలినా నల్లజాతి ఓటర్ల దగ్గర. ఎంపీ జిమ్ క్లైబర్న్ మాట మీద నిలబడిన జనం దగ్గర. ఏళ్ల తరబడి చర్చిల్లో, సంఘాల్లో కట్టుకున్న బలం అది. నేల ఉంటేనే గాలి పట్టుకుంటుంది. లేకపోతే పేలపిండే.

2016లో బెర్నీ శాండర్స్ ఓడాడు. పెద్దమనుషుల ఓటు మీద ఆయన వెంట ఉన్నవాళ్లు ఊరుకోలేదు. 2018లో పార్టీ నిబంధన మార్చింది. పోటీ తేలకుండా ఉన్నప్పుడు మొదటి విడత ఓటింగ్‌లో సూపర్ డెలిగేట్లు ఓటేయకూడదు. మళ్లీ ఓడినవాళ్లే నిబంధన గెలిచారు. అయినా తాళం పూర్తిగా ఓటరు చేతిలో ఉందని నమ్మే పని లేదు. 2024 జూలైలో బైడెన్ తప్పుకున్నాక, ఆ ఏడు ప్రైమరీల్లో పోటీయే చేయని కమలా హారిస్ డెలిగేట్ల ఓటుతో అభ్యర్థి అయ్యారు. కారణాలు ఏవైనా, ఓటరు అడగకుండానే టికెట్టు ఖరారైంది.

2008 జూన్ 7న హిల్లరీ క్లింటన్ పోటీ నుంచి తప్పుకుంది. ఆమెకూ ఒబామాకూ చెరి కోటీ డెబ్బై లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అన్ని ఓట్లు తెచ్చుకున్న ఆడమనిషి అంతకుముందు ఆ దేశంలో ఎవరూ లేరు. ఆమె వెంట నడిచిన ఆడవాళ్ల కన్నీళ్లను గాలి తగ్గిందనే ఒక్క మాటతో కొట్టేయడం అన్యాయం.

కాబట్టి మా పాఠకులకు మేం చెప్పేది ఇంతే. ఇకముందు ఎవరైనా ఫలానావాళ్ల గాలి వీస్తున్నదని చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఖాతాలో ఎంత పడింది? నిబంధన ఎవరు రాశారు? ఎవరూ చూడని చోట ఎవరు పనిచేస్తున్నారు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడు మీకు వార్త చెప్పడం లేదు, జోస్యం అమ్ముతున్నాడు.